అల్యూమినియం యాంప్లిఫయర్ పెట్టెలు అందరం కలిసి చేయించుకోవాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి?

శృతిపెట్టె:
అందరికీ నమస్కారం. మనలో కొందరం కలిసి రూపొందించిన హెడ్‌ఫోన్ యాంప్లిఫయర్ బోర్డు చాలామంది దగ్గర చక్కగా పనిచేస్తోంది గానీ, దానికి తగిన పెట్టె మాత్రం ఎవరికీ దొరకలేదు. అందువల్ల అల్యూమినియం దిమ్మను సీఎన్‌సీ (కంప్యూటరు నడిపే కోత యంత్రం) మీద తొలిపించి, అడుగు భాగం, మూత, ముందు ప్యానెల్ మూడింటినీ అందరికీ ఒకేసారి చేయించాలని అనుకుంటున్నాను. దాదాపు నలభై మంది తమకూ కావాలన్నారు. అయితే కొందరు నలుపు రంగు అడుగుతున్నారు, కొందరు వెండి రంగు చాలంటున్నారు, ఇద్దరు ముగ్గురు వెనక వైపు అదనంగా ఒక సాకెట్ రంధ్రం పెట్టమంటున్నారు. ఒక్క పెట్టెకు వర్క్‌షాపు వారు చెప్పిన ధర ఎవరూ భరించగలిగేలా లేదు. ఎంతమంది చేరితే అది అందుబాటులోకి వస్తుంది? డబ్బు ముందే వసూలు చేయాలా? ముక్కలు తేడాగా వస్తే ఆ నష్టం ఎవరిది?

కట్టర్‌మేస్త్రి:
ధర ఎందుకు తగ్గుతుందో ముందు చూస్తే మీ ప్రశ్నల్లో సగం వాటంతటవే తేలిపోతాయి. ప్రోగ్రాం రాయడం, దిమ్మను పట్టి ఉంచే ఫిక్స్చర్ తయారు చేయడం, కట్టర్లు అమర్చడం, మొదటి ముక్కను కొలిచి సరిచేయడం అనే పనులు ఒక్కసారే జరుగుతాయి. లోహం ఖరీదు, మెషీన్ నడిచే సమయం మాత్రం ప్రతి ముక్కకూ పడతాయి. ఒక్కో ముక్కకు పడే ఖర్చును ఒక వంతు అందాం, ఆ ఒక్కసారి పని ఖర్చు అలాంటి 20 వంతులతో సమానమని అనుకుందాం. అప్పుడు ఒక్కటే చేయిస్తే 21 వంతులు పడుతుంది, ఇరవై చేయిస్తే ఒక్కోదానికి 2 వంతులు, నలభై చేయిస్తే ఒకటిన్నర, ఎనభై చేయిస్తే 1.25. అంటే నలభై దాటాక మరో నలభై మంది కోసం నెలల తరబడి ఎదురుచూడటంలో పెద్దగా లాభం లేదు. 10, 25, 50 ముక్కలకు విడివిడిగా ధర అడగండి. తగ్గుదల ఎక్కడ ఆగిపోతుందో మీకే కనిపిస్తుంది.

ఇదే లెక్క ప్రకారం, ఆ అదనపు సాకెట్ రంధ్రం మీ మిత్రులు అనుకుంటున్నంత చిన్న కోరిక కాదు. నలభై ఒకేలా ఉంటే అది ఒక పని. ముప్పై ఏడు ఒకలా, మూడు ఇంకోలా ఉంటే ప్రోగ్రాం మార్చాలి, ముక్కలను వేరుగా పెట్టాలి, వేరుగా తనిఖీ చేయాలి. ఆ రంధ్రం వారే ఇంట్లో వేసుకోవచ్చు. డ్రాయింగు ఖరారైందని తేదీ వేసి ప్రకటించి, ఆ తరువాత వచ్చే ఏ సూచననైనా మర్యాదగా తోసిపుచ్చడమే నిర్వాహకుడు చేయవలసిన అసలు పని అని నా అభిప్రాయం.

ఒక్క మూలను దగ్గరగా చూడండి. పెట్టె లోపలి గుంట 30 మిల్లీమీటర్ల లోతు ఉందనుకోండి. కట్టర్ గుండ్రంగా తిరుగుతుంది కాబట్టి లోపలి నిలువు మూల ఎప్పటికీ నలుచదరంగా రాదు. 6 మిల్లీమీటర్ల కట్టర్ వాడితే కనీసం 3 మిల్లీమీటర్ల వంపు మిగులుతుంది. పైగా అంత సన్నని కట్టర్ తన వ్యాసానికి అయిదు రెట్లు లోతుకు దిగితే వణుకుతుంది, గోడ మీద గీతలు పడతాయి, వేగం తగ్గించాలి, బిల్లు పెరుగుతుంది. వంపును 5 లేదా 6 మిల్లీమీటర్లు ఉంచితే పని సులువవుతుంది, కానీ నలుచదరపు బోర్డు మూల ఆ వంపుకు తగులుకుని కిందికి దిగదు. బోర్డు మూలలనే గుండ్రంగా కోయించండి. దానికి దాదాపుగా అదనపు ఖర్చు ఉండదు.

మైక్రాన్:
అనోడైజింగు, అంటే అల్యూమినియం మీద తొట్టెలో విద్యుత్తుతో పెంచే గట్టి ఆక్సైడు పొర, దాని సంగతి ఎవరూ ఎత్తలేదు. ఆ పొర విద్యుత్తును పోనివ్వదు. మూతకూ అడుగు భాగానికీ మధ్య తగిన స్పర్శ ఉందని మనం అనుకుంటాం గానీ, రెండు వైపులా పొర ఉన్నప్పుడు షీల్డింగు (బయటి విద్యుత్ రొదను లోపలికి రానివ్వకపోవడం) పేరుకే మిగులుతుంది. పెట్టె లోపలికి మెయిన్స్ కరెంటు వస్తున్నట్లయితే ఎర్తింగు బిగించే చోట పొర లేకుండా లోహం బయటపడి ఉండాలని డ్రాయింగులో స్పష్టంగా రాయండి. నక్షత్రం వాషరు గీసుకుని పొరను చీలుస్తుందిలే అన్న నమ్మకం మీద ప్రాణరక్షణను వదలకూడదు.

పొర మందం కూడా కొలతలోకి వస్తుంది. మామూలు అనోడైజింగులో సుమారు మూడో వంతు బయటికి పెరుగుతుంది, మిగతాది లోహంలోకే వెళుతుంది. బయటి కొలతలకు ఇది లెక్కలోకి రాదు, ఎం3 (3 మిల్లీమీటర్ల) మరలకు మాత్రం బిగుతు తెలుస్తుంది. అవసరమైన చోట మర రంధ్రాలకు బిరడాలు పెట్టమనండి. రంగు ఒక్కటే ఎంచుకోండి. మూడు భాగాలూ ఒకే మిశ్రమలోహంతో, ఉదాహరణకు 6061తో, చేయించి ఒకే విడతలో తొట్టెలోకి దింపిస్తేనే ఛాయ కలుస్తుంది.

వెర్నియర్:
డబ్బు విషయం నేను చెబుతాను. "నాకూ ఒకటి" అన్నవారంతా డబ్బు కట్టరు, కాబట్టి నలభై పేర్లను నలభై ఆర్డర్లుగా లెక్కపెట్టకండి. మొదట ఒకే ఒక నమూనా చేయించి, ఆ ఖర్చును అందరి వాటాల్లో కలపండి. ఆ నమూనాను మీరు గాక మరొక సభ్యుడు కొలిచి, బోర్డు బిగించి, ఫొటోలతో చూపించిన తరువాతే పూర్తి సొమ్ము అడగండి. ఆర్డరు వెళ్లేదాకా ఎవరైనా వెనక్కి తీసుకోవచ్చని, వెళ్లాక తీసుకోలేరని, తమ వాటాను మరొకరికి బదిలీ చేసుకోవచ్చని ముందే రాసి పెట్టండి. సొమ్మును మీ ఇంటి ఖర్చుల ఖాతాలో కలపకండి. జమాఖర్చులు అందరికీ కనిపించాలి. రెండు మూడు పెట్టెలు అదనంగా చేయిస్తే రవాణాలో దెబ్బతిన్నవాటికి బదులివ్వవచ్చు.

నష్టం ఎవరిదన్నది డ్రాయింగే తేలుస్తుంది. త్రీడీ ఫైలు ఒక్కటే పంపితే అందులో టాలరెన్సు (కొలతలో ఒప్పుకునే తేడా) కనబడదు, అప్పుడు వర్క్‌షాపు వారు "మా లెక్కకు సరిగ్గానే ఉంది" అంటే మీ దగ్గర జవాబుండదు. కొలతలు వేసిన డ్రాయింగు కూడా జతచేసి, సాధారణ కొలతలకు ఐఎస్ఓ 2768 (ఈ తేడాల అంతర్జాతీయ ప్రమాణం) మధ్యమ తరగతి అని రాయండి. దాని ప్రకారం 30 నుంచి 120 మిల్లీమీటర్ల కొలతకు అటూ ఇటూ 0.3 చెల్లుతుంది. బోర్డు మర రంధ్రాల దూరాల వంటి నాలుగైదు చోట్లకే బిగువైన హద్దులు పెట్టండి. అన్నిటికీ పెడితే ఆ తనిఖీ ఖర్చంతా సభ్యులే మోయాలి.

శృతిపెట్టె:
చాలా ఉపయోగపడింది. వెండి రంగు ఒక్కటే, వెనక అదనపు రంధ్రం లేదు, బోర్డు మూలలు గుండ్రంగా మారుస్తాం. నమూనా కొలిచే బాధ్యతను వెర్నియర్ గారే తీసుకుంటే సంతోషం. ముందు ప్యానెల్‌ను 10 మిల్లీమీటర్ల మందంతో గీశాను, చూడటానికి హుందాగా ఉంటుందని. అభ్యంతరం ఏమైనా ఉందా?

కట్టర్‌మేస్త్రి:
మందంతో ఇబ్బంది లేదు, వాల్యూమ్ కంట్రోలుతోనే ఇబ్బంది. దాని మర ఉన్న మెడ 5 నుంచి 7 మిల్లీమీటర్లకు మించని రకాలే ఎక్కువ, 10 మిల్లీమీటర్ల ప్యానెల్‌లో నట్టుకు మర అందదు. ఆ చోట వెనక నుంచి గుంట తొలిపించి 2.5 మిల్లీమీటర్లే మిగల్చండి. కంట్రోలు పక్కన పొడుచుకుని ఉండే చిన్న నాలుకకు కూడా గుంటలోనే చోటు చూపించండి, లేదంటే నాబ్ తిప్పినప్పుడల్లా కంట్రోలు మొత్తం తిరుగుతుంది.

వెర్నియర్:
నమూనా నాకు పంపండి, కొలుస్తాను. దానితోపాటు మీరు వాడబోయే అసలు కంట్రోలు, సాకెట్లు కూడా పంపితే బిగించి చూస్తాను.