బొకియాస్ గురించి తెలిసినవారు చెప్పగలరా?

మెక్సికోలోని కోవావీలా రాష్ట్రంలో, రియో గ్రాండే నది ఒడ్డున బొకియాస్ దెల్ కార్మెన్ అనే చిన్న ఊరు ఉంది. అవతలి ఒడ్డు టెక్సాస్‌లోని బిగ్ బెండ్ జాతీయ ఉద్యానవనం. పోయిన నెల పడవలో నది దాటి వెళ్లి వచ్చాను. అప్పటి నుంచి ఆ ఊరు మనసును వదలడం లేదు.

ఒకప్పుడు అది గనుల ఊరు. అక్కడి ఖనిజాన్ని తీగలపై వేలాడే తొట్లలో నది మీదుగా అమెరికా వైపుకు చేరవేసేవారు. ఆ తర్వాత పర్యాటకులే ఆధారమయ్యారు. న్యూయార్క్ దాడుల దరిమిలా 2002లో అమెరికా ఈ దారి మూసేసింది. 2013లో గాని తెరవలేదు. పదకొండేళ్లు! ఎన్నో కుటుంబాలు ఊరు విడిచాయట. మిగిలినవారు రాగి తీగతో తేళ్లు అల్లి, సంచులపై కుట్టుపని చేసి, అవతలి ఒడ్డున రాళ్ల మీద పెట్టి, పక్కన డబ్బుల డబ్బా ఉంచేవారట.

ఆ పదకొండేళ్ల జీవితం గురించి ఊరివాళ్ల మాటల్లోనే తెలుసుకోవాలని ఉంది. స్పానిష్‌లో ఉన్నా సరే, అలాంటి జ్ఞాపకాలు, పాత ఫొటోలు ఎక్కడ దొరుకుతాయి? వలస వెళ్లినవారిలో ఎవరైనా తిరిగి వచ్చారా? అక్కడ కొంతకాలం ఉన్నవారు ఎవరైనా ఉంటే దయచేసి రాయండి. మళ్లీ వెళ్లేటప్పుడు వాళ్లకు నిజంగా పనికొచ్చేది ఏం తీసుకువెళ్లాలో కూడా చెప్పండి.