పాత నక్షత్ర గుచ్ఛం మధ్యభాగం ఎందుకు కుంచించుకుపోతుంది?

ప్రశ్న (దేవరకొండ నుంచి):
అన్నా, డిండి కట్ట మీద నుంచి బైనాక్యులర్‌లో ఎం15 అనే గోళాకార నక్షత్ర గుచ్ఛాన్ని చూశాను. ఎనిఫ్ నక్షత్రం పక్కనే, దూది పింజలాగా మసగ్గా ఉంది. అది 'కోర్ కొలాప్స్' అయిన, అంటే మధ్యభాగం కుంచించుకుపోయిన గుచ్ఛం అని చదివాను. దాదాపు 1200 కోట్ల ఏళ్లుగా లక్షకు పైగా నక్షత్రాలు కలిసి తిరుగుతుంటే ఇట్లా ఎందుకయింది? మధ్యలో ఉన్నవన్నీ కలిసి బ్లాక్ హోల్ అయ్యాయా?

జవాబు (మహబూబ్‌నగర్):
లేదు తమ్మీ, అది ఒక్క దెబ్బకు కూలడం కాదు, కోట్ల ఏళ్లు పట్టే పని. నక్షత్రాలు ఢీకొనడం చాలా అరుదు, పక్కనుంచి పోతూ గురుత్వాకర్షణతో ఒకదాని దారి ఒకటి మారుస్తాయి. అట్లా పోయినప్పుడల్లా బరువైనవి శక్తిని తేలికవాటికి ఇచ్చి లోపలికి జారుతాయి, తేలికవి అంచులకు పోతాయి, కొన్నయితే గుచ్ఛాన్నే విడిచిపోతాయి. అసలు కిటుకు ఏందంటే, శక్తి పోగొట్టుకున్న నక్షత్రం నెమ్మదించదు, లోపలి కక్ష్యలోకి దిగి ఇంకా వేగంగా తిరుగుతుంది. అంటే మధ్యభాగం శక్తి కోల్పోయేకొద్దీ వేడెక్కుతుంది (ఇక్కడ వేడెక్కడం అంటే నక్షత్రాల వేగం పెరగడమే), వేడెక్కేకొద్దీ బయటికి ఇంకా ఎక్కువ శక్తి పోతుంది, ఇంకా కుంచించుకుంటుంది. ఈ అస్థిరతను 1962లో సోవియట్ శాస్త్రవేత్త ఆంటొనోవ్ లెక్కగట్టాడు, 1968లో లిండెన్-బెల్, వుడ్ దాన్ని 'గ్రావోథర్మల్ కటాస్ట్రఫీ' (గురుత్వాకర్షణ, వేడి కలిసి తెచ్చే విపత్తు) అన్నారు. నాకు ఖగోళశాస్త్రంలో ఇంతకన్నా ఇష్టమైన విషయం లేదు.

దేవరకొండ:
మరి ఆగేదెట్లా అన్నా? ఇట్లనే పోతే ఒక్క చుక్క అయిపోవాలి కదా?

జవాబు (నల్లగొండ):
జంట నక్షత్రాలు ఆపుతాయి. మధ్యలో కిక్కిరిసినప్పుడు మూడో నక్షత్రం ఒక గట్టి జంట దగ్గరికి వస్తే, ఆ జంట ఇంకా దగ్గరవుతుంది, అట్లా విడుదలైన శక్తితో మూడోది విసురుగా బయటికి పోతుంది. కుంచించుకోవడం అక్కడ ఆగి, మధ్యభాగం మళ్లీ కొంత విప్పారుతుంది. ఇక నీ బ్లాక్ హోల్ సంగతి. ఎం15 మధ్యలో నక్షత్రాల వేగాలు చూసి, అక్కడ మధ్యరకం (సూర్యుడికి వేల రెట్ల బరువున్న) బ్లాక్ హోల్ ఉండొచ్చని 2002లో గట్టి వాదనే వచ్చింది, కానీ చచ్చిపోయిన నక్షత్రాల అవశేషాలైన న్యూట్రాన్ నక్షత్రాలు, తెల్ల మరుగుజ్జులు అక్కడ గుమిగూడినా అవే వేగాలు వస్తాయని తర్వాత కంప్యూటర్ లెక్కలు చూపించాయి.

మహబూబ్‌నగర్:
ఇంకో మాట. మన పాలపుంతలోని గోళాకార గుచ్ఛాల్లో సుమారు ఐదో వంతే ఈ దశకు వచ్చాయి. ఒమేగా సెంటారీలో దాదాపు కోటి నక్షత్రాలున్నా దాని మధ్యభాగం ఇప్పటికీ వదులుగానే ఉంది, ఎందుకంటే అంత పెద్ద గుంపులో శక్తి చేతులు మారడానికి చాలా కాలం పడుతుంది. మే నెల రాత్రి దక్షిణాన, మన దగ్గర నుంచి 25 డిగ్రీల ఎత్తులో ఉంటుంది, అదే బైనాక్యులర్‌తో చూడు తమ్మీ.