లాంకాస్టర్ ఫ్లింట్‌లాక్ మీద ఏ నగిషీ బాగుంటుంది?

ప్రశ్న:
పెన్సిల్వేనియాలో ఉంటాను. ఇక్కడ క్రిస్మస్ అయ్యాక ఫ్లింట్‌లాక్‌లతో (చెకుముకి రాయి నిప్పురవ్వతో పేలే పాతకాలపు తుపాకులు) జింకల వేటకు ప్రత్యేకంగా సీజన్ ఉంది. ఆఫీసులో ఒకాయన పుణ్యమా అని నాకూ ఈ మందు దట్టించే తుపాకుల పిచ్చి పట్టింది. 1770ల నాటి లాంకాస్టర్ (ఇక్కడి ఊరే) మోడల్ కిట్ కొన్నాను, చారల మేపుల్ చెక్క. బిగింపంతా అయింది. ఇక్కడి బార్న్‌ల గోడల మీద గుండ్రంగా రంగుల నక్షత్రాలు ఉంటాయి కదా, అలాంటిది పిడి మీద పెయింట్ చేయాలని ఉంది. ఆ కాలానికి నప్పుతుందా?

జవాబు:
నప్పదండీ. బార్న్‌ల మీద ఆ నక్షత్రాలు వ్యాపించింది 19వ శతాబ్దంలో, మీ తుపాకీ అంతకు ముందుది. పైగా చారల మేపుల్‌కి అందమే ఆ చారలు. వాటి మీద పెయింట్ వేయడానికి మీకు చేతులెలా వస్తాయి!

అక్కడి జర్మన్ వలస కుటుంబాల ఫ్రాక్టూర్ పత్రాలు చూడండి. పిల్లల బాప్తిస్మం వివరాలు అందంగా రాసి, చుట్టూ ట్యూలిప్పులు, హృదయాలు, పక్షులు వేసేవారు. పెళ్లిపెట్టెల మీదా అవే. లాంకాస్టర్ దగ్గరి లాండిస్ వ్యాలీ మ్యూజియం మీ రాష్ట్రంలోదే, ఒకసారి వెళ్లి రండి.

నా సలహా: చెంప ఆనే వైపు చెక్కలో రొకోకో (వంపులు తిరిగే 18వ శతాబ్దపు శైలి) తీగ చెక్కండి, ఆనాటి పనివాళ్లకి అది బాగా ఇష్టం. తీగ చుట్టూ చెక్క తీసేయాలి. ఎత్తు ఒక్క మిల్లీమీటరు చాలు, మరీ లేస్తే మొరటుగా ఉంటుంది. కుడివైపు, గుండుకి చుట్టే కొవ్వు రాసిన గుడ్డముక్కలు దాచే ఇత్తడి పెట్టె ఉంటుంది. లాంకాస్టర్ పనిలో దాని కొసకి డైసీ పువ్వు ఆకారం. ట్యూలిప్ ఆ మూత మీద గీయండి. ముందు విడి ఇత్తడి రేకు మీద చెయ్యి తిప్పుకోండి.

ఇంకొకరు:
అన్నా, ఇత్తడి మేకులు వరసగా కొడితే?

జవాబు:
అది ఎక్కువగా నేటివ్ అమెరికన్ల చేతుల్లోని తుపాకుల మీద కనిపించే అలంకరణ తమ్ముడూ. లాంకాస్టర్ రైఫిల్‌కి వద్దు.

ప్రశ్న అడిగినవారు:
చాలా థ్యాంక్సండీ. మరి చెక్కకి రంగు?

జవాబు:
చెక్కడం పూర్తయ్యాకే రంగు. నైట్రిక్ యాసిడ్‌లో ఇనుము కరిగించిన ద్రావణం రెడీమేడ్‌గా దొరుకుతుంది. పూశాక చెక్క ఆకుపచ్చ ఛాయలోకి తిరగొచ్చు, కంగారుపడకండి. హీట్‌గన్ చూపిస్తే ఎర్రటి గోధుమరంగులోకి వచ్చి చారలన్నీ తేలతాయి. ఆరుబయట, గ్లౌజులూ రక్షణ కళ్లద్దాలూ పెట్టుకుని చేయండి, ఆ పొగ మంచిది కాదు. తర్వాత వంటసోడా నీళ్లతో తుడిచి, బాగా ఆరాక అవిసె నూనె పట్టించండి.