అర్జెంటు లోడ్లకు లాంగ్ రూట్ బండి: 420 చాలా, 480 కావాలా?

హైగేరు:
గడువు పెట్టి ఇచ్చే లోడ్లు, రోజుకు 1000 కి.మీ. ఇద్దరు డ్రైవర్లు మార్చుకుంటూ నడుపుతారు. సరుకు తేలిక, బండితో కలిపి 20 టన్నులు దాటదు. ఎక్కుళ్లు 3 శాతం లోపే, స్పీడ్ లిమిట్ 90. ఇంజిన్ 13 లీటర్లది; 420, 480 హార్స్‌పవర్ రెండూ ఉన్నాయి. యాక్సిల్ రేషియో (చక్రం ఒక చుట్టు తిరగడానికి షాఫ్టు తిరిగే చుట్లు) 2.64 లేదా 3.08, టాప్ గేరు డైరెక్ట్, అంటే 1:1. టైర్లు 295/80 ఆర్ 22.5. ఏది తీసుకోవాలన్నా?

గాలిబ్రేకు:
20 టన్నులతో 3 శాతం ఎక్కుడు 80లో ఎక్కాలంటే సుమారు 300 హార్స్‌పవర్ పడుతుంది. 420 దండిగా సరిపోతుంది తమ్ముడూ. 480 విలువ తెలిసేది 35–40 టన్నుల వాళ్లకే. ఇంకో లెక్క: 1000 కి.మీ. 80లో పన్నెండున్నర గంటలు, 90లో 11 గంటల 7 నిమిషాలు. తేడా గంటా 23 నిమిషాలు. 40 నిమిషాల చొప్పున రెండుసార్లు ఆగారా, అదంతా హుష్‌కాకి. అందుకే పవర్ కంటే ముందు డీజిల్ ట్యాంకు చూడు. 100 కి.మీ.కి 30 లీటర్లు తాగినా 600 లీటర్ల ట్యాంకుతో దారిలో బంకు ముఖం చూడక్కర్లేదు. యాడ్‌బ్లూ (పొగ శుద్ధికి వేరే ట్యాంకులో పోసే యూరియా ద్రావణం) డీజిల్‌లో 5 శాతం పోతుందనుకో, 60 లీటర్ల ట్యాంకు పుష్కలం. అది అయిపోతే మాత్రం ఇంజిన్ పవర్ తనంతట తానే తగ్గిపోతుంది.

క్రౌన్‌పినియన్:
రేషియో సంగతి. ఆ టైరు ఒక చుట్టుకు దాదాపు 3.2 మీటర్లు పోతుంది, అంటే 90లో నిమిషానికి 470 చుట్లు. 2.64 అయితే ఇంజిన్ 1240 ఆర్‌పీఎమ్, 3.08 అయితే 1445. ఈ సైజు ఇంజిన్లకు టార్క్ నిండుగా ఉండేది 1000–1400 మధ్య, కాబట్టి 2.64. కానీ మీ దారి ఎక్కువగా 70 లోపే నడిచేదైతే ఇంజిన్ 960 దగ్గర పడుకుంటుంది, ఆటో గేర్‌బాక్స్ టాప్ వేయనే వేయదు. అప్పుడు 3.08 నయం. ఓవర్‌డ్రైవ్ బండి (టాప్ గేరు 1 కంటే తక్కువ ఉండేది) చూపిస్తే క్రౌన్ నంబరు, అంటే యాక్సిల్ రేషియో, ఒక్కటే చూసి మోసపోవద్దు: 3.42ని టాప్ గేరు 0.78తో గుణిస్తే 2.67, ఇంచుమించు అదే.

హైగేరు:
చాలా థ్యాంక్స్ అన్నా. సెకండ్ హ్యాండ్‌వీ చూస్తున్నా. ఏం చెక్ చేయాలి?

స్టెప్నీ:
కంప్యూటర్ పెట్టించి డీపీఎఫ్ (పొగలో మసిని పట్టే ఫిల్టర్) రీజెన్ చరిత్ర, అంటే ఆ మసిని ఎన్నిసార్లు కాల్చిందో, తీయించండి. నిలబెట్టి చేసే రీజెన్ అరగంట నుంచి గంట తింటుంది. అది మాటిమాటికీ కనిపిస్తే ఆ బండి వద్దు. ఏసీ కోసం రాత్రంతా ఐడిల్‌లో పెట్టిన బండ్లకు మసి త్వరగా పడుతుంది. బ్యాటరీ ఏసీ ఉంటే ఆ బాధ ఉండదు.

కూలెంట్ తగ్గుతూ, కింద ఎక్కడా తడి లేకపోతే ఈజీఆర్ కూలర్‌ను (ఇంజిన్‌లోకి తిరిగి పంపే పొగను కూలెంట్‌తో చల్లబరిచేది) అనుమానించండి. బ్రేకు గాలి 8 బార్‌కి ఎక్కించి, ఇంజిన్ ఆపి, బ్రేకు తొక్కి పట్టుకుని, ముల్లు నిలిచాక ఒక నిమిషం చూడండి. ట్రైలర్‌తో కలిపి 0.3 బార్ కంటే ఎక్కువ పడితే లీకు ఉన్నట్టే. సబ్బు నీళ్లు కొట్టి జాయింట్లు చూడండి.

ఇద్దరు డ్రైవర్లంటున్నారు కదా, ట్రయల్‌లో ఒకరు వెనక పరుపు మీద పడుకుని చూడండి. క్యాబిన్ సస్పెన్షన్ బెలోస్ (క్యాబిన్ కింది గాలి బుడగలు) దిగిపోయి ఉంటే గతుకుల్లో వీపు చెప్పేస్తుంది, మీటర్ చూడక్కర్లేదు.