21 ఎంఎం: స్కోపారా, బయోగానా?

మాడవీధి_21: లైకా ఎం6 ఫిల్ము కెమెరాకి చిన్న 21 ఎంఎం వైడ్ లెన్సు కావాలి. ఫోక్ట్‌లాండర్ కలర్-స్కోపార్ 21/4 (21 ఎంఎం, అపర్చరు అంటే వెలుగు రంధ్రం ఎఫ్4 దాకా తెరుచుకుంటుంది) తీసుకోనా, జైస్ సి బయోగాన్ 21/4.5 తీసుకోనా? వాడకం సగం మైలాపూర్ మాడవీధుల్లో, సగం జార్జిటౌన్ పాత కట్టడాల దగ్గర. ముందుముందు లైకా డిజిటల్ ఎం కెమెరా కూడా కొనాలని ఉంది.

తిన్నని_గీత: కట్టడాలన్నారు కదా, ఇక బయోగానే. హైకోర్టు వరండా స్తంభాన్ని ఫ్రేము అంచుకి ఆనించి తీసినా వంగదు. స్కోపార్‌లో వంపు తక్కువే గానీ, అంచున గీత పెడితే కాస్త ఉబ్బు కనబడుతుంది. గోపురం కోసం కెమెరా పైకెత్తారనుకోండి, రెండిట్లోనూ గీతలు పైకి పోతూ దగ్గరవుతాయి. దానికి లెన్సునేం అనలేం.

జేబులో_కెమెరా: వీధిలో ఆ ఉబ్బు ఎవరికి కావాలండీ? స్కోపార్ 136 గ్రాములు, ఫిల్టరు 39 ఎంఎం. బయోగాన్ దాదాపు 190, ఫిల్టరు 46. ఎఫ్4కీ ఎఫ్4.5కీ తేడా స్టాపులో (వెలుగు సగమయ్యే మెట్టులో) మూడో వంతు, దాని మీద వాదన దండగ.

ఎం6 కిటికీలో ఫ్రేము హద్దులు చూపే గీతలు 28 ఎంఎం దగ్గరే ఆగిపోతాయి. ఏది కొన్నా కెమెరా పైనున్న షూ (ఫ్లాష్ తగిలించే గాడి) మీద ఫ్రేము చూసుకోడానికి విడిగా 21 ఫైండరు పెట్టాల్సిందే, ఆ డబ్బు కూడా లెక్కేసుకోండి. ఫైండరు లెన్సుకి పైన ఉంటుంది కాబట్టి మీటరు లోపు దూరంలో తలలు తెగుతాయి, పైన కొంచెం ఖాళీ వదలండి. ఒక కిటికీలో ఫోకస్, ఇంకో కిటికీలో ఫ్రేము అంటే వీధిలో కుదరదు. ఎఫ్8 పెట్టి, దూరం 1.8 మీటర్ల దగ్గర వదిలేస్తే సుమారు 0.9 నుంచి అనంతం దాకా పనికొస్తుంది. పెద్ద ప్రింటు వేసేవాళ్లు మాత్రం ఎఫ్8 పెట్టి, లెన్సు బ్యారెల్ మీద ఎంత దూరం నుంచి ఎంత దాకా స్పష్టంగా వస్తుందో చూపే గీతల్లో 5.6వి చూపే దూరాన్నే నమ్మాలి.

సెన్సరు_మూల: అసలు మెలిక ఆ ‘ముందుముందు డిజిటల్’ దగ్గరుంది. బయోగాన్ వెనక గాజు ఫిల్ముకి బాగా దగ్గరగా దిగుతుంది, మూలలకి వెలుగు బాగా ఏటవాలుగా పడుతుంది. ఫిల్ముకి దాంతో పేచీ లేదు. సెన్సరు మీది గాజుపలకకీ సూక్ష్మ కటకాలకీ ఉంది: అంచున ఎరుపు ఛాయ, మూలల్లో చెదిరిన వివరం. లైకా డిజిటల్ కెమెరాల్లో పాతవైన ఎం9, ఎం240లో కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది, ఎం11లో తగ్గుతుంది. స్కోపార్‌కీ ఈ జబ్బు ఉంది, తక్కువ మోతాదులో.

మందు: ఫోటో తీసిన వెంటనే, అదే అపర్చరులో, లెన్సుకి తెల్లటి పాలరంగు అక్రిలిక్ ముక్క ఆనించి ఇంకో ఫ్రేము తీయండి. లైట్‌రూమ్ సాఫ్ట్‌వేర్‌లో రెండూ ఎంచుకుని ఫ్లాట్-ఫీల్డ్ కరెక్షన్ నడపండి. రంగు పోతుంది, చెదిరిన మూల మాత్రం బాగుపడదు.

తిన్నని_గీత: డిజిటల్ ఎప్పుడో కొంటారని ఇప్పుడు ఫిల్ము మీద రాజీ ఎందుకన్నా? నలుపు-తెలుపైతే ఆ ఎరుపు గొడవే లేదు.

సెన్సరు_మూల: ఎరుపు లేదు, చీకటి ఉంది. మూలల వెలుగు తగ్గుదల కోణం వల్ల వచ్చేది, అపర్చరు మూసినా పూర్తిగా పోదు. స్లైడు ఫిల్ములో ఆకాశం మూలలు చూస్తే తెలుస్తుంది.

మాడవీధి_21: ఇంకో రెండేళ్లు ఫిల్మే, అదీ ఎక్కువగా నలుపు-తెలుపు. అయితే బయోగాన్ వైపే మొగ్గుతున్నా. సెకండ్‌హ్యాండ్‌లో దొరికేలా ఉంది.

జేబులో_కెమెరా: సరే, కానీ మన సముద్రపు తేమలో ఉన్న లెన్సు. అపర్చరు పూర్తిగా తెరిచి, ముందు నుంచి ఫోను టార్చి వేసి వెనక నుంచి ఏటవాలుగా చూడండి. సాలెగూడు పోగుల్లా కనిపిస్తే బూజు, వదిలేయండి. 0.7 మీటర్ల దగ్గర రేంజ్‌ఫైండరులో (ఫోకస్ కిటికీలో) రెండు బొమ్మలు ఒకటిగా కలుస్తున్నాయో లేదో చూసుకోండి. లెన్సు 0.5 దాకా తిరుగుతుంది గానీ, రేంజ్‌ఫైండరు 0.7 దగ్గరే ఆగిపోతుంది, ఆ చివరి 20 సెంటీమీటర్లు టేపు పెట్టి కొలుచుకోవాల్సిందే.