గడ్డం లేని మాంత్రికుణ్ణి జనం నమ్ముతారా?

మాది అమలాపురం దగ్గర పల్లెటూరండీ. సంక్రాంతికి పిల్లలతో మంత్రాల నాటకం వేయిస్తున్నాను. చిక్కెక్కడొచ్చిందంటే, గడ్డం ఎంత పొడుగుంటే అంత శక్తి అని వాళ్లే తీర్మానించేశారు. కోనసీమలో కొబ్బరి పీచుకి కొదవా? శిష్యుడికి జానెడు, గురువుకి మోకాళ్ల దాకా. నిన్న రిహార్సల్‌లో గురువుగారు తన గడ్డం తానే తొక్కి బోర్లా పడ్డాడు. ఎదుటి మాంత్రికుడు నవ్వాపుకోలేక శాపం మర్చిపోయాడు.

రాక్షసుడికి కండల కోసం చొక్కాలో దిండ్లు కుక్కారు. చెయ్యే లేవట్లేదు, ఇంక గదేం తిప్పుతాడు? మంత్రగత్తెకి మూడొందలేళ్లు, ముఖాన ఒక్క ముడతా వద్దంటోంది. (ఒప్పేసుకున్నాను. మాకు టీ పంపేది వాళ్లమ్మే.)

నాకేమో అందరికన్నా బలవంతుడు బక్కపలచగా, మామూలు లుంగీలో ఉండాలని. వామనుడు పొట్టివాడే, మూడడుగులతో బలిని దించేశాడు. అగస్త్యుడూ పొట్టివాడే, సముద్రం తాగేశాడు. ఈ మాటంటే, "ఆయ్, వాళ్లకి కమండలాలున్నాయి కదండీ" అన్నాడొకడు.

గడ్డం, కిరీటం, పొగ లేకుండా, స్టేజీ ఎక్కగానే వీడితో పెట్టుకోకూడదు అనిపించాలంటే ఏం చేయాలి? నాటకాలు వేయించినవాళ్లు చెప్పండి. పీచు గడ్డం కింద దురద పుట్టకుండా ఏం రాయాలో కూడా.