విద్య మళ్లీ రాష్ట్ర జాబితాలోకి రావాలా? సంతకం పెట్టే ముందు ఇక్కడ వాదించుకుందాం

తార్నాక పాత విద్యార్థి:
మా కాలనీ తరఫున ఎమ్మెల్యేకి వినతిపత్రం రాస్తున్నాను. అందులో అడిగేది ఒక్కటే. విద్యను ఉమ్మడి జాబితా నుంచి తీసి తిరిగి రాష్ట్ర జాబితాలో చేర్చాలని మన తెలంగాణ అసెంబ్లీ తీర్మానం చేయాలి. ఇల్లిల్లూ తిరిగి సంతకాలు అడిగే ముందు మీ అభ్యంతరాలేంటో వినాలనుంది.

నా వాదన చెప్తాను. ఏ విషయం మీద ఎవరు చట్టం చేయాలో చెప్పే మూడు జాబితాలు రాజ్యాంగం ఏడో షెడ్యూల్లో ఉన్నాయి. రక్షణ, రైల్వేలు, విదేశీ వ్యవహారాలు కేంద్రానివి. పోలీసు, భూమి, ప్రజారోగ్యం రాష్ట్రానివి. మూడోది ఉమ్మడి జాబితా, అందులోని విషయాల మీద ఇద్దరూ చట్టాలు చేయొచ్చు. పేరుకు ఉమ్మడే గానీ, ఒకే విషయం మీద ఇద్దరి చట్టాలూ ఢీకొంటే 254వ అధికరణం ప్రకారం సాధారణంగా కేంద్ర చట్టమే నిలుస్తుంది. 1950లో విద్య రాష్ట్ర జాబితాలో 11వ అంశం. ఎమర్జెన్సీలో, ప్రతిపక్ష నాయకులు జైళ్లలో ఉన్న రోజుల్లో, 1976లో 42వ సవరణతో దాన్ని ఉమ్మడి జాబితాలోకి మార్చారు. అడవులు, తూనికలు కొలతలు కూడా ఆ సవరణతోనే వెళ్లాయి.

దాని ఫలితం ఇక్కడే కనిపిస్తోంది. యూనివర్సిటీల్లో అధ్యాపకుల నియామకాలకు ఒకే బోర్డు పెడుతూ 2022 సెప్టెంబర్‌లో మన అసెంబ్లీ బిల్లు ఆమోదించింది. యూనివర్సిటీలకు ప్రమాణాలు పెట్టే కేంద్ర సంస్థ యూజీసీ నిబంధనలకు ఇది సరిపోతుందా అని అప్పటి గవర్నర్ సందేహం లేవనెత్తారు, బిల్లు ఆగింది. పెండింగ్ బిల్లుల మీద 2023లో రాష్ట్ర ప్రభుత్వం సుప్రీంకోర్టుకెళ్లాల్సి వచ్చింది. ప్రజలు ఎన్నుకున్న సభ తన సొంత యూనివర్సిటీలో లెక్చరర్‌ను ఎలా నియమించాలో కూడా తేల్చుకోలేకపోతే, ఆ సభకు మనం ఓటు వేసి అప్పగించిందేమిటి?

బోడుప్పల్ నెట్ సెంటర్:
అన్నా, నీ బాధ సమజైంది. కానీ నేను సంతకం పెట్టను. ఎందుకో చెప్త.

పదిహేనేండ్ల సంది పిల్లల అప్లికేషన్లు నింపుతున్న. మెడికల్ సీట్లకు దేశమంతా ఒకటే పరీక్ష అని కేంద్రం పెట్టిన నీట్ రాకముందు డాక్టర్ కావాలనుకున్న ఒక్కో పిల్లకు ఎన్ని ఫారాలు నింపినమో నాకు తెలుసు. రాష్ట్రం పెట్టే ఎంసెట్ ఒకటి, ఆలిండియా పరీక్ష ఒకటి, ఒక్కో ప్రైవేటు యూనివర్సిటీది ఒక్కోటి. ప్రతిదానికీ వేరే ఫీజు, వేరే ఊర్ల సెంటరు. పైసలున్నోళ్లు పది రాసేది, లేనోళ్లు ఒక్క ఎంసెట్ మీదనే ఆశ పెట్టుకునేది. ఇప్పుడు ఒక్క ఫారంతో అయిపోతది. ఇది చిన్న ముచ్చట కాదు.

రాష్ట్రం చేతిల ఉంటే బాగుంటదంటవా? 2016 యాదికి తెచ్చుకో. ఆ ఏడు ఒక్కదానికి రాష్ట్రాలు సొంత పరీక్ష పెట్టుకోవచ్చని కేంద్రం ఆర్డినెన్స్ తెచ్చింది. జులైల మనోళ్లు మెడికల్ సీట్లకు ఎంసెట్-2 పెట్టిండ్రు. పేపర్ లీకైందని సీఐడీ తేల్చింది. పరీక్ష రద్దు చేసి సెప్టెంబర్ల ఎంసెట్-3 పెట్టిండ్రు. హాల్‌టికెట్ కోసం మళ్లీ వచ్చిన పిల్లల ముఖాలు నేను చూసిన.

చిక్కడపల్లి రీడింగ్ రూం:
లీకుల లెక్క తీస్తే రెండు వైపులా ఉన్నాయి బ్రదర్. 2024 మే 5 నాటి నీట్ పేపర్ పట్నా, హజారీబాగ్‌లలో లీకైందని సుప్రీంకోర్టే ఒప్పుకుంది. పరీక్ష మొత్తం రద్దు చేయాల్సినంతగా పాకలేదని మాత్రం చెప్పింది. ఎంసెట్ లీకైతే ఒక రాష్ట్రం పిల్లలు నష్టపోయారు. నీట్ లీకైతే ఇరవై లక్షలకు పైగా పిల్లల గుండెలు ఆగాయి.

అయితే తార్నాక అన్న చెప్పినదాన్నీ పూర్తిగా ఒప్పుకోలేను. నియామకాలు ఆగడానికి కారణం గవర్నర్ ఒక్కరేనా? మన రాష్ట్ర యూనివర్సిటీల వీసీల పదవీకాలం 2024 మేలో అయిపోయింది. కొత్తవాళ్లు అక్టోబర్‌లో వచ్చారు. మధ్యలో ఐఏఎస్ అధికారులే ఇన్‌చార్జులు. ఆ ఐదు నెలలూ ఢిల్లీ ఎవరి చెయ్యీ పట్టుకోలేదు. ఇక ఢిల్లీ సంగతి కూడా చెప్పాలి. ములుగులో గిరిజన యూనివర్సిటీ పెడతామని 2014 విభజన చట్టంలో రాశారు, దానికి పార్లమెంటులో బిల్లు పాసైంది 2023 డిసెంబర్‌లో. అసిస్టెంట్ ప్రొఫెసర్ నోటిఫికేషన్ కోసం నాతోపాటు ఈ బల్లల దగ్గర కూర్చున్నవాళ్లకు రెండు ఆలస్యాలూ ఒకేలా తగులుతున్నాయి.

నాంపల్లి వకీలు:
వినతిపత్రం రాసేముందు ఒక విషయం చూసుకోండి. మీరు అడిగింది అడిగినట్టే జరిగినా నీట్ పోదు.

1976కు ముందు కూడా రాష్ట్ర జాబితాలోని విద్య పూర్తి స్వతంత్రం కాదు. ఆ 11వ అంశంలోనే, కేంద్ర జాబితాలోని 63 నుంచి 66 వరకున్న అంశాలకు లోబడి, అని రాసి ఉండేది. అందులో 66వది అసలైనది. ఉన్నత విద్యలో ప్రమాణాలను నిర్ణయించడం, సమన్వయం చేయడం కేంద్రం పని. 1956 నాటి యూజీసీ చట్టం నిలబడింది ఈ అంశం మీదే, అంటే ఎమర్జెన్సీకి ఇరవై ఏళ్ల ముందు. నీట్‌ను సమర్థించేవాళ్లు కూడా దీన్నే ఆధారం చేసుకుంటారు. ప్రైవేటు, మైనారిటీ కాలేజీలకూ నీట్ వర్తిస్తుందని 2020లో సుప్రీంకోర్టు వెల్లూరు కాలేజీ కేసులో చెప్పింది. కాబట్టి జాబితా మార్చి 66ను ముట్టుకోకపోతే, తలుపు మార్చి తాళంచెవి పక్కింట్లోనే ఉంచినట్టు.

ఇంకోటి. ఏడో షెడ్యూలు మార్చాలంటే 368వ అధికరణం ప్రకారం పార్లమెంటు రెండు సభల్లో ప్రత్యేక మెజారిటీ కావాలి, పైగా సగం రాష్ట్రాల అసెంబ్లీలు ఒప్పుకోవాలి. మన అసెంబ్లీ తీర్మానం ఒక అభిప్రాయం, అంతే. దానికి విలువ లేదనను, కానీ సంతకం పెట్టేవాళ్లకు ఆ సంగతి ముందే చెప్పండి.

ఇక స్థానికులకు సీట్ల సంగతి. అది ఏ జాబితాలోదీ కాదు. 1969 తెలంగాణ ఉద్యమం, 1972 జై ఆంధ్ర ఉద్యమం తర్వాత ఆరు సూత్రాల పథకం వచ్చింది, దాని నుంచి 32వ సవరణతో, చదువుల్లో, ఉద్యోగాల్లో స్థానికులకు చోటిచ్చే 371డి అధికరణం పుట్టింది. గచ్చిబౌలి సెంట్రల్ యూనివర్సిటీ పుట్టుక కూడా ఆ పథకంలోనే ఉంది, 371ఇ అందుకే. 1974లో అబిడ్స్‌లోని గోల్డెన్ థ్రెషోల్డ్‌లో మొదలైంది. ఢిల్లీ మన మీద రుద్దింది కాదది, మన గొడవ సర్దడానికి కుదిరిన ఒప్పందంలో భాగం.

బోడుప్పల్ నెట్ సెంటర్:
వకీల్ సాబ్, లోకల్ ముచ్చట తెచ్చిండ్రు గాబట్టి చెప్త. 2024 జులైల వచ్చిన 33 నంబర్ జీవోతోని ఇంటర్ దాకా వరుసగా నాలుగేండ్లు ఈడ చదివినోళ్లే లోకల్. విజయవాడ హాస్టల్ల ఇంటర్ చదివిన హైదరాబాద్ పిల్లలు నాన్‌లోకల్ అయిండ్రు. ఆ ఏడు కోర్టుకు పోయినోళ్లకు ఒక్కసారికి మినహాయింపు ఇచ్చిండ్రు. 2025 సెప్టెంబర్ల సుప్రీంకోర్టు జీవో సరైందే అన్నది. రాష్ట్రం తన పిల్లల కోసమే చేసిందంటరు, నేను కాదనను. కానీ అధికారం దగ్గరున్నంత మాత్రాన మన గోస అర్థమైతదని ఎట్ల నమ్మాలె?

సర్కారు బడి టీచరమ్మ:
మీరంతా మెడికల్ సీట్ల దగ్గరే ఉండిపోయారు. విద్య అంటే అదొక్కటేనా? నేను చెప్పేది మధ్యాహ్నం పన్నెండున్నరకు మా బడిలో జరిగే సంగతి.

మధ్యాహ్న భోజన పథకం కింద బడిలో వంట చేసే అమ్మకు నెలకు 1000 రూపాయల గౌరవ వేతనం అని కేంద్రం 2009లో లెక్క కట్టింది. అదీ ఏడాదిలో పది నెలలకే. మనలాంటి రాష్ట్రాలకు అందులో కేంద్రం వాటా 60 శాతం, అంటే 600. పదిహేనేళ్లు దాటినా ఆ లెక్క కదల్లేదు. మన రాష్ట్రం తన వైపు నుంచి కలిపి 3000 చేసింది. మూడు వేలు కూడా పొద్దున తొమ్మిదింటికి వచ్చి వంద మందికి వండి, గిన్నెలు తోమి వెళ్లే మనిషికి సరిపోయే డబ్బు కాదు. కానీ పథకం పేరు, బోర్డు మీద బొమ్మ, నిబంధనల పుస్తకం ఒకరివి, పెరిగిన ఖర్చు మరొకరిది.

ఇప్పుడు డబ్బు ఎక్కడ నుంచి వస్తుందో చూడండి. మాదాపూర్‌లో ఉద్యోగం చేసే మా తమ్ముడు ఆదాయపు పన్ను మీద 4 శాతం ఆరోగ్య, విద్యా సెస్ కడతాడు. 270వ అధికరణం ప్రకారం సెస్సులు, సర్‌చార్జీలు రాష్ట్రాలతో పంచుకునే మొత్తంలోకి రావు. కేంద్ర పన్నుల్లో రాష్ట్రాల వాటా తేల్చేది ఆర్థిక సంఘం. 2021-26 కాలానికి పదిహేనో ఆర్థిక సంఘం రాష్ట్రాలకు 41 శాతం ఇమ్మంది, అందులో తెలంగాణ వాటా 2.102 శాతంగా పెట్టింది. పద్నాలుగో సంఘం లెక్కలో 2.437 ఉండేది. ఈ లెక్కంతా సెస్సులు తీసేశాక మిగిలినదాని మీదే. అంటే విద్య పేరు చెప్పి వసూలు చేసిన డబ్బులో రాష్ట్రానికి హక్కుగా రూపాయి రాదు. పథకంగా వస్తుంది, షరతుతో వస్తుంది. కేంద్రం నడిపే ఆదర్శ బడుల పథకం పీఎం శ్రీ ఒప్పందం మీద సంతకం పెట్టలేదని, బడులకు కేంద్రం ఇచ్చే సమగ్ర శిక్ష నిధులు తమిళనాడుకు ఆగాయి. ఆ పిల్లలు చేసిన తప్పేమిటి?

ఇది చదివి, మన పన్ను బీహార్‌కు పోతోంది అని ఎవరైనా మొదలుపెడతారేమో. దయచేసి వద్దు. అపార్ట్‌మెంట్లు కట్టే చోట నుంచి మా బడికి వచ్చే ఒడిశా, బీహార్ పిల్లలకు నేను అఆలు నేర్పుతున్నాను. వాళ్ల ఊళ్లలో మంచి బడి ఉండాలంటే కేంద్రం చేయి ఉండాల్సిందే. నేను పంపకం వద్దనడం లేదు. మెడ మీద షరతు వద్దంటున్నాను.

తార్నాక పాత విద్యార్థి:
టీచరమ్మా, రాత్రి రెండుసార్లు చదివాను. వకీలు గారు చెప్పిన 66వ అంశం సంగతి నాకు తెలీదు, ఒప్పుకుంటున్నాను.

అయినా ఒక మాట వదులుకోలేను. 1918లో నిజాం పెట్టిన ఉస్మానియా యూనివర్సిటీలో తర్వాత ఇంజినీరింగ్, వైద్యం కూడా ఉర్దూలో చెప్పించారు. పుస్తకాలు తర్జుమా చేయడానికి ఒక సంస్థనే నడిపారు. దేశభాషలో పై చదువు సాధ్యమని ఈ నగరమే చూపించింది. అంత సాహసం స్థానికంగా అధికారం ఉన్నచోటే పుడుతుంది. ఒకే పరీక్ష, ఒకే సిలబస్ రోజుల్లో తెలుగులో వైద్య విద్య గురించి ఎవరు ఆలోచిస్తారు?

చిక్కడపల్లి రీడింగ్ రూం:
అన్నా, ఆ ఉర్దూ అప్పటి హైదరాబాద్ సంస్థానంలో ఎక్కువమందికి ఇంటి భాష కాదు. మా తాతకు తెలుగు తప్ప ఏదీ రాదు, ఆ గేటు ఆయనకు ఎంత దూరమో ఢిల్లీ అంతే దూరం. హైదరాబాద్‌లో ఉన్న అధికారం మా ఊరికి దగ్గరైనట్టు కాదు. నీట్ పేపర్ ఇవాళ తెలుగులో కూడా వస్తోంది, అదీ లెక్కలోకి తీసుకో.

తార్నాక పాత విద్యార్థి:
ఆ దెబ్బ నాకు తగలాల్సిందే. వినతిపత్రం మార్చాను. జాబితా మార్పు కోరిక తీసేయలేదు గానీ రెండో స్థానంలోకి పోయింది. ఇప్పుడు ఇలా ఉంది:

"ఒకటి. ఆరోగ్య, విద్యా సెస్‌ను రాష్ట్రాలతో పంచుకునే పన్నుల్లో కలపాలని, మధ్యాహ్న భోజన కార్మికుల గౌరవ వేతనంలో కేంద్రం తన వాటాను నేటి ధరలకు తగ్గట్టు పెంచాలని మన అసెంబ్లీ తీర్మానం చేయాలి. రెండు. విద్యను రాష్ట్ర జాబితాకు తిరిగి ఇవ్వడంతోపాటు, 66వ అంశం కింద ప్రమాణాలు నిర్ణయించే సంస్థల్లో రాష్ట్రాలకు ఓటు ఉండాలి. మూడు. ఖాళీగా ఉన్న అధ్యాపక పోస్టుల సంఖ్యను, భర్తీ తేదీలను రాష్ట్ర ప్రభుత్వం యూనివర్సిటీల వారీగా ప్రకటించాలి."

నాంపల్లి వకీలు:
మొదటిదానిలో సెస్ పంపకానికి కూడా రాజ్యాంగ సవరణ కావాలి, ఆ మాట కలపండి. రెండో దానిలో ఓటు అన్నది బాగుంది. జీఎస్టీ కౌన్సిల్లో రాష్ట్రాలన్నిటికీ కలిపి మూడింట రెండొంతుల ఓటు బరువుంది, కేంద్రానికి ఒక వంతు, నిర్ణయానికి నాలుగింట మూడొంతులు కావాలి. అంటే ఎవరూ ఒంటరిగా నెగ్గలేరు. చదువుకు అలాంటి సభ ఎందుకుండకూడదో అడగండి.

బోడుప్పల్ నెట్ సెంటర్:
ఒకటి, మూడు కింద నా సంతకం రాసుకో అన్నా. రెండోదాని కింద పెట్టను. కాయితాలు ఇరవై కాపీలు నా షాపుల తీస్త, పైసలు వద్దు. టీచరమ్మా, ఆ వంటమ్మను కూడా అడుగు, ఆమె వేలిముద్ర మొదటి పేజీల ఉండాలె.